పదకొండు యాభై రెండుకు దిగాలి

కనజావాలో అసానో నది పక్క సందుల్లో ఉండేవాళ్ళు, పొద్దున ట్రైనెక్కి చీకటి పడేలోగా ఇంటికి చేరే ప్రయాణం ఏదైనా కావాలంటే స్టేషనుకు వెళ్ళి అడగరు. ఓగీవారి తజుకో గుమ్మం తొక్కుతారు. సముద్రం ఒడ్డున పీతలు తినాలన్నా, కొండ మీద గుడి చూడాలన్నా, వేడినీటి ఊటలో కాళ్ళు పెట్టుకుని నాలుగు కబుర్లు చెప్పుకుని రావాలన్నా ఆవిడే దిక్కు. ముందు మూడు ప్రశ్నలు అడుగుతుంది. గంటకు ఎన్నిసార్లు బాత్రూముకు వెళ్తారు? మెట్లు ఎన్ని ఎక్కగలరు? వాన పడితే మనసు మార్చుకుంటారా? మూడోది మర్యాద కోసం అడగడమే. "అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు" అని సామెత ఉన్న ఊరిది. వానకు జడిసేవాళ్ళు ఈ ఊళ్ళో గడప దాటలేరు.

తర్వాత ఇటుకంత లావున్న టైమ్ టేబుల్ పుస్తకం తెరుస్తుంది. ట్రైను మారడానికి ఐదు నిమిషాలు చాలని అందరూ అనుకునే చోట ఆవిడ పద్నాలుగు పెడుతుంది. అంతటితో ఆగదు. పదిమందిని వెంటబెట్టుకెళ్ళే మనిషి ముందుగా తానొక్కతే వెళ్ళి ఆ దారి చూసి రావడం ఇక్కడ ఆనవాయితీ. మిగతావాళ్ళు ఒకసారి చూసొస్తారు. తజుకో మూడుసార్లు వెళ్తుంది. మూడోసారి వీపున పది కిలోల బియ్యం కట్టుకుని మరీ వెళ్తుంది, ఎనభై ఏళ్ళవాళ్ళ నడక తన కాళ్ళకు తెలియాలని.

"మా ఇంట్లో బియ్యం చూసినన్ని ఊళ్ళు నేను చూళ్ళేదు," అంటాడు ఆవిడ భర్త యసుహేయి.

చివరికి చేత్తో రాసిన చిన్న పుస్తకం ఒకటి తయారవుతుంది. ఏ పెట్టె ఎక్కాలి, ఎటు కూర్చుంటే నది కనిపిస్తుంది, ఏ స్టేషనులో ఎన్ని మెట్లు, దగ్గుబిళ్ళ ఎప్పుడు నోట్లో వేసుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. చదివినవాళ్ళు ఎంత తెలివైన మనిషో అంటారు. తెలివి కాదు, భయం. బడిపిల్లల మధ్యాహ్న భోజనం వండే వంటశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. పదకొండు నలభైకి అన్నం వ్యాన్లు కదలాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు ఆలస్యం కాలేదు. అందుకు ఆవిడ మురిసిపోయిందీ లేదు. రేపు అవుతుందేమోనని రోజూ భయపడింది. తన వల్ల ఇంకొకరికి ఇబ్బంది కలగడం కంటే చావు నయమనుకునే మనిషి.

ఇక గొంతు సంగతి. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ బాపతు. వంటశాలలో ఎవరినైనా పిలవాలంటే గరిటెతో గంగాళం మీద కొట్టేది తప్ప నోరు తెరిచేది కాదు. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది. ఆవిడ పుట్టింది చేపలు పట్టే ఊళ్ళో. అక్కడ ఆడపిల్లలు ఒడ్డున నిలబడి పడవలో ఉన్నవాళ్ళని అన్నానికి పిలుస్తారు. ఇరవై ఆరో ఏట ఓగీవారింటికి కోడలిగా వచ్చింది. అది బంగారాన్ని కొట్టి కొట్టి రేకులు తయారుచేసే ఇల్లు. ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చని రేకులు. వాటిని కాగితాల మధ్య సర్దే గదిలో మండువేసవిలోనూ ఫ్యాను ఉండదు, కిటికీ తెరవరు, తుమ్మొచ్చినవాళ్ళు ముక్కు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాలి. కొత్తకోడలికి ఇవన్నీ ఎవరో చెప్పే ఉంటారు. కానీ వచ్చిన పదో రోజు తజుకో ఆ గది తలుపు బర్రున తీసి, "అన్నానికి రండీ!" అని పుట్టింట్లో పిలిచినట్టే పిలిచింది. పొద్దుటినుంచి పరిచిన రేకులన్నీ లేచి, ముడతలు పడి, ఆరుగురు పనివాళ్ళ జుట్టు మీదా భుజాల మీదా వాలాయి.

అత్తగారు కియోనో చేతిలో ఉన్న వెదురు పటకారు కింద పెట్టింది. "ఈ ఇంట్లో గాలికి కూడా మర్యాద తెలుసు. నీకు లేదా? ఆ గొంతు మీ సముద్రం దగ్గర వదిలేసి రా," అంది, అందరి ముందూ.

ఎవరైనా నవ్వి ఉంటే తజుకోకు కొంత తేలికపడేది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి ముప్పై ఆరేళ్ళుగా ఆవిడ మాట పక్కగదికి వినపడలేదు. ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. రేకు సర్దడంలో అందరికంటే నేర్పరి, కియోనోకు ప్రాణస్నేహితురాలు అయిన మిత్సుయె పని మానేసి కొండల్లో ఉన్న తన ఊరికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

రేకుల పని ఆగిపోయి ఏళ్ళయింది. ఈ అక్టోబరులో ఒక పొద్దున, ఎనభై ఆరేళ్ళ కియోనో మిసో చారు తాగుతూ తాగుతూ గిన్నె దించి, "మిత్సుయెని చూడాలి," అంది.

"ఎవరినీ?" అన్నాడు యసుహేయి.

"చెవుడొచ్చిందా? మిత్సుయెని. నషితానిలో వృద్ధాశ్రమంలో ఉందట. తొంభై ఒకటి నిండాయి. మనుషుల్ని పోల్చుకోవడం తగ్గిపోతోందట. పూర్తిగా తగ్గేలోగా ఒక మాట చెప్పాలి."

"ఏం మాటమ్మా? ఫోన్ చేసి చెప్పు."

"ఫోనులో చెప్పే మాటైతే నీ పెళ్ళాం ముందు ఎందుకంటాను?"

అడగడమంటే అదే. ఇన్నేళ్ళలో కియోనో కోడల్ని కోరిన మొదటి సాయం. తజుకోకు సంతోషం కలగాలి నిజానికి. గుండెల్లో రాయి పడింది.

ఆశ్రమానికి ఫోన్ చేస్తే ఆ రాయి ఇంకొంచెం బరువెక్కింది. చూడ్డానికి వచ్చేవాళ్ళకు పదిహేను నిమిషాలే, ఇద్దరే రావాలి, ముందే రాయించుకోవాలి. ఖాళీ ఉన్నది నవంబరు మూడో శనివారం ఒంటిగంట నుంచి ఒంటిగంటా పదిహేను. డిసెంబరు నుంచి జ్వరాల కాలమని మార్చి దాకా ఎవర్నీ రానివ్వరు. "మార్చికి మిత్సుయె గారికి ఈపాటి తెలివైనా ఉంటుందని నేను చెప్పలేనండీ," అంది అక్కడి నర్సు, మర్యాదగా. అంటే ఆ పదిహేను నిమిషాలే. అవి తప్పితే ఇక లేవు.

నషితానికి వెళ్ళే కొండ లైనులో రోజుకు ఐదు ట్రైన్లు. ఒకటి కోడికూతకు ముందే పోతుంది, కియోనో మోకాళ్ళకు అది కుదరదు. ఒకటి మధ్యాహ్నం రెండూ పదికి చేరుతుంది, ఇంకో రెండు సాయంత్రంవి, అప్పటికి అంతా అయిపోతుంది. మిగిలింది ఒక్కటే, పదకొండు యాభై రెండుకు నషితానిలో ఆగేది. తజుకో ఆ అంకె క్యాలెండరు మీద రాసింది, ఫ్రిజ్ మీద అంటించింది, పళ్ళు తోముకుంటూ గొణిగింది. పదకొండు యాభై రెండుకు దిగాలి. అక్కడి నుంచి ఆశ్రమానికి ఆరువందల మీటర్లు, అత్తగారి నడకలో ఇరవై నిమిషాలు.

మూడుసార్లు వెళ్ళి చూసొచ్చింది. మంగళవారాల్లో కియోనోను పగటి సంరక్షణ కేంద్రం వ్యాను తీసుకెళ్తుంది కనుక మూడూ మంగళవారాలే. ఒంటి పెట్టె ట్రైను. వెనక తలుపులో ఎక్కి నంబరు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న ముందు తలుపులో దిగాలి. నషితాని స్టేషనులో ఉద్యోగులెవరూ ఉండరు, అందుకని ఆ ఒక్క తలుపే తెరుస్తారు. తజుకో బియ్యంతో సహా అడుగులు లెక్కపెట్టి పుస్తకంలో రాసింది: "వెనక కూర్చోవాలి, సీటు మెత్తన. దిగడం ముందు తలుపు. పది అడుగులు."

శనివారం పొద్దున ఉరుములు మొదలయ్యాయి. చలికాలం ముందు బూరి చేపల్ని నిద్రలేపే ఉరుములని ఈ ఊరివాళ్ళు అంటారు. తజుకో గొడుగులు రెండు, అన్నం ముద్దలు నాలుగు, పొడి మేజోళ్ళు రెండు జతలు సర్ది, విప్పి, మళ్ళీ సర్దింది. గుమ్మంలో యసుహేయి ఆవిడ భుజం తట్టాడు.

"కాస్త ఊపిరి పీల్చుకో తజుకో. ఇప్పుడు ఇంట్లో రేకులు లేవు."

మొదటి ట్రైను సవ్యంగానే నడిచింది. జంక్షనులో లిఫ్టు కూడా పనిచేసింది. పద్నాలుగు నిమిషాల్లో తొమ్మిదే ఖర్చయ్యాయి. అప్పుడు కొండ లైను ట్రైను వచ్చి ఆగింది. రెండు పెట్టెలు! ఆకులు ఎర్రబడే రోజులు, అందులోనూ శనివారం, రద్దీ ఉంటుందని ఇంకో పెట్టె తగిలించారు. తజుకో పుస్తకం తీసి చూసింది. పుస్తకంలో ఒక్క పెట్టే ఉంది మరి.

ముందు పెట్టె నిండా కొండలెక్కేవాళ్ళు, వాళ్ళ వీపు సంచులు. వెనక పెట్టె సగం ఖాళీ.

"ఇక్కడే నిలబడి ఆలోచిస్తావా? వెనక కూర్చోమని నువ్వే రాశావుగా," అంది కియోనో.

కూర్చున్నారు. సీటు మెత్తగానే ఉంది. నలభై ఆరు నిమిషాల దారి. తజుకో ప్రతి స్టేషనులోనూ వాచీ చూసుకుంది, సొరంగంలో కూడా చూసుకుంది.

"చూసీ చూసీ దాన్ని అరగదీసేలా ఉన్నావు," అంది కియోనో.

"ఏంలేదత్తయ్యా, ఊరికే."

"నీ ఊరికేతో నాకు గుండెదడ పట్టుకుంది."

నషితాని వస్తోందని మైకులో చెప్పారు. ముందు పెట్టెలో ముందు తలుపు మాత్రమే తెరుస్తామనీ స్పష్టంగానే చెప్పారు. కానీ తజుకో ఆ మాటలు మూడు మంగళవారాలు విన్నది. బాగా తెలిసిన మాటను చెవి లోపలికి రానివ్వదు. పైగా ఆ సమయానికి వంగి అత్తగారి బూటు పట్టీ బిగిస్తోంది. బిగించి, ఆవిడను లేపి, కర్ర అందించి, రెండు నిమిషాల ముందే తాము కూర్చున్న పెట్టెలోని ముందు తలుపు దగ్గర నిలబెట్టింది. పది అడుగులు, లెక్క సరిగ్గా సరిపోయింది.

పదకొండు యాభై రెండు. ట్రైను ఆగింది. తలుపు తెరుచుకోలేదు. బొత్తాం నొక్కింది. దీపం వెలగలేదు. అప్పుడు అర్థమైంది.

అత్తగారి చేయి పట్టుకుని ముందు పెట్టెలోకి వెళ్ళబోయింది. రెండు పెట్టెల మధ్య దారి నిండా మనుషులు, సంచులు. "క్షమించండి... కాస్త... క్షమించండి," అంది. అందరికంటే దగ్గరున్న మనిషి పక్కకు జరిగాడు. అతని వెనకున్నవాళ్ళకు ఆ గొంతు వినపడనే లేదు. అక్కడ ఒక్క కేక చాలు. "దిగేవాళ్ళున్నాం" అని ఒక్కసారి అంటే ఆ నోటా ఈ నోటా డ్రైవరు దాకా చేరేది, ఆయన ఆగేవాడు. తజుకో నోరు తెరిచింది కూడా. ఇంతమంది ప్రయాణం, అవతల ఇంకో ట్రైను దీని కోసం కాచుకుని ఉంటుంది, అందరినీ తమ ఇద్దరి కోసం ఆపడమా? తెరిచిన నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. ముందు తలుపు మూసుకుంది. దారి ఖాళీగా ఉందని డ్రైవరు తెల్ల చేతితొడుగు వేలు ముందుకు చూపించాడు. నషితాని వెనక్కి పోయింది.

"దిగలేదేమే?" అంది కియోనో.

"ముందు పెట్టెలోనే తెరిచారు అత్తయ్యా."

"ఒక్క కేక వేస్తే ఆగేది కదే!"

తజుకో వెనక్కి తిరిగింది. "కేకలు వెయ్యొద్దని నేర్పింది మీరే కదా అత్తయ్యా."

ఎప్పటిలాగే మెల్లగా అంది. కియోనోకు మాత్రం ప్రతి అక్షరం వినపడింది. తర్వాతి స్టేషను హినోసె దాకా పదకొండు నిమిషాలు ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. తజుకో తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియక పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

హినోసెలో రేకుల షెడ్డు, ఒక బెంచీ, వాన. వెనక్కి వెళ్ళే ట్రైను ఒకటీ ఇరవై నాలుగుకు. రోడ్డు మీద నషితాని తొమ్మిది కిలోమీటర్లు. ఆ లోయంతటికీ ఒకటే టాక్సీ, అది రోగిని తీసుకుని ఆస్పత్రికి పోయింది. వృద్ధాశ్రమానికి ఫోన్ చేసింది.

"ఒకటీ పదిహేనుకు ఇంకో కుటుంబం వస్తున్నారండీ, జరపలేం, క్షమించండి," అన్నారు. "మిత్సుయె గారికి జుట్టు దువ్వి, మంచి చొక్కా వేసి కూర్చోబెట్టేశాం కూడా."

ఆ చివరి మాట వినకుండా ఉంటే బాగుండేదనిపించింది తజుకోకు. జుట్టు దువ్వించుకుని కూర్చున్న ముసలావిడ కళ్ళ ముందు నిలబడింది. బియ్యం మోసుకుని మూడుసార్లు వచ్చిందే, ఒక్క శనివారం రావాలని ఎందుకు తోచలేదు?

గొడుగు తీసుకుని రోడ్డు పక్కకు వెళ్ళి నిలబడింది. పన్నెండూ ఇరవై ఐదుకు ఒక కారు వచ్చింది. తజుకో చేయి కొద్దిగా ఎత్తి, నడుం వంచింది. కారులోని పెద్దమనిషి కూడా తల వంచి, చిరునవ్వు నవ్వి, సాగిపోయాడు. పన్నెండూ ముప్పై ఆరుకు ఒక వ్యాను. అందులోని ఆవిడ రెండుసార్లు తల వంచింది.

"అది ఆపడం కాదే, దణ్ణాలు పెట్టుకోవడం," అంది షెడ్డులోంచి కియోనో. ఆ గొంతులో వెటకారం ఉందనుకుని తజుకో తిరిగి చూసింది. లేదు. అత్తగారు కర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. ఆవిడ అలా భయపడగా చూడటం అదే మొదటిసారి.

పన్నెండూ నలభై నాలుగు. మలుపులోంచి ఒక చిన్న ట్రక్కు వచ్చింది. తజుకో చేయి ఎత్తేసరికే అది దాటిపోయింది. ఇంకొకటి ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో! గొడుగు చేతిలోంచి జారింది. నడిరోడ్డు మీదకు పరిగెత్తింది.

"ఆగండీ! ఆగండీ! మా అత్తయ్యని తీసుకెళ్ళండీ!"

అది పడవలను ఒడ్డుకు పిలిచే గొంతు. ముప్పై ఆరేళ్ళు వాడకపోయినా ఎక్కడా తుప్పు పట్టలేదు. కొండకు తగిలి మళ్ళీ వినపడింది. పళ్ళు కోయని పెర్సిమన్ చెట్టు మీంచి కాకులన్నీ లేచాయి. ట్రక్కు దూరాన ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది.

రబ్బరు బూట్లు వేసుకున్న అరవై ఏళ్ళ ఆవిడ తల బయటపెట్టింది. "ఎవరైనా చచ్చిపోయారా ఏంటమ్మా?"

"ఇంకా లేదులే," అంది కియోనో.

సంగతి రెండు ముక్కల్లో చెప్పారు. "ఎక్కండెక్కండి. కానీ చోటు ఒక్కరికే. వెనకేమో ముల్లంగులు, అక్కడ మనిషిని ఎక్కిస్తే పోలీసులు ఊరుకోరు."

తజుకో అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టినంత పని చేసింది. పుస్తకం చేతిలో పెట్టింది. "గుమ్మంలో చేతులు కడుక్కోమంటారు అత్తయ్యా, మాస్కు సంచిలో ఎడమ జేబులో ఉంది, పేరు రాసేటప్పుడు కళ్ళజోడు..."

"నువ్వు తలుపు వెయ్యి," అంది కియోనో. కోడలి తడిసిన మొహం వైపు ఒక్క క్షణం చూసింది. ట్రక్కు కదిలింది.

ఆ తర్వాతి ముప్పై ఎనిమిది నిమిషాల గురించి ఎవరడిగినా తజుకో చెప్పదు. బెంచీ మీద కూర్చోలేదు. మలుపుల్లో అత్తగారికి తల తిరుగుతుందేమో, మెట్టు దగ్గర చేయి అందించేవాళ్ళుంటారో లేదో, ఒకటీ పదిహేను దాటాక చేరితే ఆవిడ ఎవరితో ఏం మాట్లాడుతుంది? ట్రైనులో తానన్న ఆ మాటకు క్షమాపణ చెప్పుకోవడానికి ఆవిడ మళ్ళీ అవకాశం ఇస్తుందా? గొంతు మండుతోంది. అది తన గొంతేనా అని చేత్తో తడిమి చూసుకుంది.

ఒకటీ ఇరవై నాలుగు ట్రైనులో డ్రైవరు వెనకాలే నిలబడింది. నషితానిలో అందరికంటే ముందు దిగింది. ఇరవై నిమిషాల దారి ఏడు నిమిషాల్లో పరిగెత్తింది.

ఆశ్రమం వసారాలో, బెంచీ మీద కియోనో కూర్చుని ఉంది. మాస్కు గడ్డం కిందకు లాగి ఉంది. ఒళ్ళో ఆకులతో సహా పొడుగాటి ముల్లంగి.

"వేళకి అందారా అత్తయ్యా?"

"ఒకటీ నాలుగుకు. పదకొండు నిమిషాలు మిగిలాయి."

"గుర్తుపట్టారా?"

"నన్నా? మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చాననుకుంది. ఆఖరి దాకా మేడమ్ మేడమ్ అంటూనే ఉంది."

తజుకో అక్కడే నడుం వంచేసింది. "క్షమించండి అత్తయ్యా. నా వల్లే. నేను శనివారం వచ్చి చూసి ఉంటే..."

"ఇక ఊరుకో. వచ్చి కూర్చో. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి." కియోనో ముల్లంగిని పక్కకు జరిపి చోటిచ్చింది. "మిత్సుయె మనింట్లో పని ఎందుకు మానేసిందో నీకు తెలుసా?"

"తెలీదు."

"నిన్ను తిట్టిన సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచింది. 'పది రోజుల కోడలి గొంతు నొక్కేశావు కియోనో. రేకులదేముంది, మళ్ళీ కొట్టుకోవచ్చు' అంది. నాకు రోషం వచ్చింది. 'నా ఇల్లు, నా కోడలు, నచ్చకపోతే పో' అన్నాను. పోయింది. మళ్ళీ ఒకరి మొహం ఒకరం చూడలేదు. 'ఆ రోజు నువ్వన్నదే నిజం' అని దానికి చెబుదామని వచ్చాను. నాకైతే ఎప్పుడో తెలుసు. చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది."

"చెప్పారా?"

"ఎవరికి చెప్పను? అది నన్ను మేడమ్ అంటుంటే. అందుకని ఇవాళ జరిగింది చెప్పాను. మా కోడలు నడిరోడ్డు మీద వానలో నిలబడి అరిచింది, కొండ అదిరిపోయింది అన్నాను."

"ఆవిడేమన్నారు?"

"అప్పటిదాకా గోడ వైపు చూస్తున్నదల్లా ఇటు తిరిగింది. నా చేయి గట్టిగా పట్టుకుంది. చాలా కంగారుగా, 'రేకులు లేచిపోయాయా?' అని అడిగింది."

తజుకోకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, గట్టిగానే ఏడ్చింది. లోపల్నుంచి నర్సు తొంగి చూసి వెళ్ళింది. కాసేపటికి మొహం తుడుచుకుని అడిగింది.

"మీరేమన్నారు?"

"లేస్తే లేచాయిలే, మళ్ళీ కొట్టుకోవచ్చు అన్నాను."